ప్లాట్‌లో 3 సిగ్మా బంప్: కొత్త కణం అనుకోవచ్చా?

కణవేట:
రెండు ఫోటాన్ల ఇన్వేరియంట్ మాస్ (అవి ఒకే కణం నుంచి వచ్చుంటే ఆ కణం ద్రవ్యరాశి) ప్లాట్, మొత్తం 40 బిన్లు (గడులు). ఒక బిన్‌లో బ్యాక్‌గ్రౌండ్ (కొత్త కణం లేకపోయినా వచ్చేవి) 9 ఈవెంట్లు ఉండాల్సింది, 18 ఉన్నాయి. అదనంగా వచ్చిన 9ని √9తో, అంటే మామూలు హెచ్చుతగ్గు ఒక సిగ్మాతో, భాగిస్తే 3 సిగ్మా. కొత్త కణం దొరికిందనడానికి ఇంకా 5 దాకా ఆగాలంటారెందుకు?

లెక్కలపిచ్చి:
ముందు ఆ 3 తప్పు. ఇంత తక్కువ ఈవెంట్లకు వర్గమూలం లెక్క పనికిరాదు, పాయిజాన్ (చిన్న సంఖ్యల ఈవెంట్లకు సరిపోయే సంభావ్యతా సూత్రం) వాడాలి. సగటు 9 అయితే 18 గానీ అంతకు మించి గానీ వచ్చే సంభావ్యత 0.0053, అంటే 2.6 సిగ్మాకి కాస్త తక్కువే. పైగా ఆ బిన్‌నే చూడాలని మీరు ముందే అనుకోలేదు కదా. 40 బిన్లలో ఎక్కడో ఒకచోట ఇలా ఎగిరే అవకాశం 1 − 0.9947⁴⁰, దాదాపు 19 శాతం. ఇలాంటి ప్లాట్లు ఐదు వేస్తే ఒకదాంట్లో బంప్ ఊరికే వస్తుంది.

2015 డిసెంబరులో ఎల్‌హెచ్‌సీలో (ప్రోటాన్లను ఢీకొట్టించే యంత్రం) 750 జీఈవీ (కణాల ద్రవ్యరాశికి వాడే ప్రమాణం) దగ్గర జరిగిందీ ఇదే. అక్కడి అట్లాస్ డిటెక్టర్‌లో ఆ చోటు వరకే చూస్తే 3.9 సిగ్మా, వెతికిన పరిధంతా కలిపితే 2.1. ఇంకో డిటెక్టర్ సీఎంఎస్‌లోనూ అక్కడే చిన్న బంప్ కనబడేసరికి వందల కొద్దీ సిద్ధాంత పత్రాలు వచ్చిపడ్డాయి. 2016 ఆగస్టుకల్లా కొత్త డేటాలో అది మాయం.

బిన్‌కోత:
ఆ 9 ఎక్కడి నుంచి వచ్చింది? బంప్ ఉన్న చోటు వదిలేసి, రెండు పక్కలా ఫిట్ చేశారా? ఫిట్ ఫంక్షన్ మరీ బిరుసుగా ఉంటే వంపు తిరిగే చోట లేని బంప్ పుట్టుకొస్తుంది. సిగ్నల్ (కొత్త కణం ఈవెంట్లు) లేని సిమ్యులేషన్ మీద అదే ఫిట్ నడిపి, ఎన్ని దొంగ ఈవెంట్లు వస్తున్నాయో చూడండి. ఇంకోటి, బిన్ వెడల్పు డిటెక్టర్ రిజల్యూషన్ (అది కొలవడంలో వచ్చే మసక) కంటే సన్నగా ఉంటే నిజమైన కణం పక్క బిన్లలోకీ పరుచుకోవాలి. ఒక్క బిన్ మాత్రమే నిటారుగా లేచిందంటే నాకైతే అనుమానమే.

తీగవదులు:
5 సిగ్మా దాటినా పరికరం తప్పు పట్టుబడదు. 2011లో ఒపెరా అనే ప్రయోగం, న్యూట్రినోలనే కణాలు కాంతి కంటే 60 నానోసెకన్లు ముందొచ్చినట్టు చూపింది, అదీ 6 సిగ్మాతో. ఫైబర్ కేబుల్ కనెక్టర్ సరిగ్గా బిగియలేదు, అంతే.

కణవేట:
అయితే ఇప్పుడేం చేయాలి?

లెక్కలపిచ్చి:
కట్‌లు (ఈవెంట్లను ఏరే షరతులు), బిన్ హద్దులు ఇక ముట్టుకోకండి. దీనికి నాలుగు రెట్ల కొత్త డేటా తీసుకుని ఆ ఒక్క బిన్ తెరవండి. బ్యాక్‌గ్రౌండ్ 36 ఉంటుంది. కణం నిజమైతే 72కి అటూఇటూగా రావాలి. 40 వచ్చిందా, వదిలేయండి.