హార్మోనిక్ అంటే మూడుచోట్లా ఒకటేనా?

శ్రుతిపెట్టె:
ఫిజిక్సులో హార్మోనిక్స్ అంటే మూల ఫ్రీక్వెన్సీకి 1, 2, 3 రెట్లు. లెక్కల్లో హార్మోనిక్ సిరీస్ అంటే 1 + 1/2 + 1/3... ఒకటి పెరుగుతోంది, ఇంకోటి తగ్గుతోంది. లింకు ఎక్కడ? పైగా గిటార్‌లో 12, 7, 5 ఫ్రెట్ల (మెడ మీది అడ్డ కమ్మీల) దగ్గర హార్మోనిక్ ఇట్టే పలుకుతుంది, 4 దగ్గర మాత్రం మొద్దుగా వస్తుంది. ఎందుకని?

తీగపొడవు:
లింకు పొడవులో ఉంది. రెండు చివరలూ బిగించిన తీగ మొత్తంగానో, రెండు, మూడు, నాలుగు సమాన ముక్కలుగానో ఊగుతుంది. ముక్కల పొడవులు 1, 1/2, 1/3, 1/4. పొడవు ఎన్నో వంతైతే ఫ్రీక్వెన్సీ అన్ని రెట్లు. అందుకే 110 హెర్ట్జ్ తీగలో 220, 330, 440, 550 కూడా మోగుతాయి. హరాత్మక మధ్యమమూ (విలోమాల సగటుకు విలోమం) ఇదే కుదురు: 1, 1/2లకు అది 2/3. తీగను 2/3కి కుదిస్తే పంచమం పలుకుతుంది.

ఇక 4వ ఫ్రెట్. స్కేలు (నట్ నుంచి బ్రిడ్జి దాకా తీగ పొడవు) 650 మి.మీ. అనుకుంటే, అక్కడ పలకాల్సిన ఐదో హార్మోనిక్‌కి తీగ కదలని చోటు నట్ (మెడ చివర తీగ ఆనే పట్టీ) నుంచి 130 దగ్గర, ఫ్రెట్ కమ్మీ 134 దగ్గర. 7 దగ్గర ఈ తేడా అర మిల్లీమీటరే. వేలు నట్ వైపు 4 మి.మీ. జరిపి, తాకీ తాకనట్టు ఆనించి, మీటగానే తీసేయండి. మీటే చోటూ చూసుకోవాలి: బ్రిడ్జి (గిటార్ ఒంటి మీద తీగ ఆనే చోటు) నుంచి 130 దగ్గర మీటితే ఐదోది అసలు పుట్టదు, అదీ కదలని చోటే కదా. 65 దగ్గర మీటండి.

గొట్టంగాలి:
ఒక చిన్న చేర్పు. మొదటి అతిస్వరం (ఓవర్‌టోన్, అంటే మూల స్వరానికి పైన పలికేది) అంటే మొదటి హార్మోనిక్ కాదు, తీగలో అయితే రెండోది. ఒక చివర మూసిన గొట్టంలో బేసివే పలుకుతాయి కాబట్టి అక్కడ మూడోది. పరీక్షల్లో మార్కులు పోయేది ఇక్కడే. మామూలు డప్పు చర్మంలోనైతే రెండో కంపనం మొదటిదానికి సుమారు 1.59 రెట్లు. అది అతిస్వరమే, హార్మోనిక్ కాదు.

శ్రుతిపెట్టె:
మరి 1 + 1/2 + 1/3 మొత్తానికి శబ్దంలో అర్థం ఉందా?

తీగపొడవు:
పొడవుల మొత్తంగా లేదు. అది అనంతానికి పోతుంది, అదీ నత్తనడకన: 10 దాటాలంటే 12,367 పదాలు కావాలి. కానీ అవే భిన్నాలను హార్మోనిక్స్ తరంగాల ఎత్తులుగా (ఆంప్లిట్యూడ్) తీసుకుని సైన్ తరంగాలను కూడండి, రంపపు పళ్ళ తరంగం వస్తుంది. సైన్‌లు ధన, రుణాలుగా ఒకదాన్నొకటి కొట్టేసుకోవడంతో ఈ మొత్తం అదుపులోనే ఉంటుంది.