యార్క్‌లో రెండు రాత్రులు, ఇద్దరమ్మాయిలం, బడ్జెట్ తక్కువ: సలహాలు కావాలి

కాకరపువ్వొత్తి:
అందరికీ నమస్తే. చాలా రోజులుగా ఇక్కడ చదువుతున్నాను, రాయడం ఇదే మొదలు.

నాది ఇంగ్లండ్‌లోని బర్మింగ్‌హామ్‌లో ఉద్యోగం. నా గర్ల్‌ఫ్రెండ్ మిడిల్స్‌బ్రోలో మాస్టర్స్ చేస్తోంది. నేను అక్కడికి వెళ్తే తన ఇంట్లో ఇంకో నలుగురు తెలుగమ్మాయిలుంటారు, వాళ్ల లెక్కలో నేను బీటెక్ ఫ్రెండ్‌ని. తను ఇక్కడికొస్తే మా పిన్ని కూతురు నాతోనే ఉంటుంది. రెండు చోట్లా తలుపేసుకుని మాట్లాడుకునే వీల్లేదు. అందుకే మార్చిలో మధ్యలో ఎక్కడైనా కలుద్దామనుకుంటే, రైలు మ్యాప్‌లో ఇద్దరికీ నేరుగా తగిలింది యార్క్.

ఇద్దరికీ కలిపి 250 పౌండ్లు దాటకూడదు, రైలు టికెట్లతో సహా. హోటల్లో ఒకే మంచం ఉన్న గది తీసుకుంటే ఏమైనా అడుగుతారా? పాస్‌పోర్ట్ చూపించాలా? ఇద్దరం బయట చెయ్యి పట్టుకుని తిరగొచ్చా? తను శాకాహారి. ఇంకో మాట, అక్కడ మనవాళ్లు ఎక్కువగా ఉంటారా? నిజం చెప్పాలంటే నా భయమంతా అదే.

ఆవకాయ జాడీ:
చెల్లీ, ముందు హోటల్ సంగతి తేల్చేద్దాం. ఏమీ అడగరు. మన ఊళ్లలో ఇద్దరాడపిల్లలకు గది ఇస్తారు, జంటకైతే సవాలక్ష ప్రశ్నలు. ఇక్కడ జంటగానే వెళ్లొచ్చు. బుక్ చేసేటప్పుడు "ట్విన్" (రెండు మంచాలు) కాకుండా "డబుల్" (ఒకే మంచం) నొక్కు, అంతే. రిసెప్షన్‌లో మళ్లీ "ట్విన్ ఇవ్వమంటారా" అని అడిగితే కంగారు పడకు, ఇద్దరు ఫ్రెండ్స్ పొరపాటున డబుల్ నొక్కారేమోనని అడుగుతారు. "డబులే కావాలి, థాంక్యూ" అంటే చాలు.

ఇది వాళ్ల మంచితనం మీద ఆధారపడిన విషయం కూడా కాదు. 2010 నాటి ఈక్వాలిటీ చట్టం ప్రకారం లైంగికత కారణంగా హోటల్ గానీ రెస్టారెంట్ గానీ నిన్ను తిప్పి పంపడానికి వీల్లేదు. 2008లో కార్న్‌వాల్‌లో ఒక గెస్ట్‌హౌస్ యజమానులు, డబుల్ గది పెళ్లయిన ఆడామగా జంటలకే ఇస్తామని ఇద్దరు మగవాళ్లకు కాదన్నారు. తమ మతనమ్మకమని సుప్రీంకోర్టు దాకా వెళ్లారు. 2013లో అక్కడా ఓడిపోయారు.

పాస్‌పోర్ట్ గురించి: 1972 నుంచి ఉన్న హోటల్ రికార్డుల ఉత్తర్వు ప్రకారం పదహారేళ్లు దాటిన ప్రతి అతిథీ పేరు, ఏ దేశస్థులో చెప్పాలి. పాస్‌పోర్ట్ నంబరు, తర్వాత ఎక్కడికెళ్తారన్న వివరం ఇవ్వాల్సింది కామన్వెల్త్ బయటి దేశాలవాళ్లు. మనది కామన్వెల్త్ దేశమే. అయినా కొన్ని హోటళ్లు సొంత నిబంధన పెట్టుకుని ఐడీ అడుగుతాయి, కాబట్టి ఏదో ఒకటి దగ్గరుంచుకోండి. సంబంధం ఏమిటని రాసే గడి మాత్రం ఏ ఫారంలోనూ ఉండదు.

డబ్బు విషయానికొస్తే ఒక్క మాట: శనివారం రాత్రి వద్దు. శనివారం యార్క్ అంటే పెళ్లికి ముందు పార్టీలు చేసుకునే గుంపులు, రిబ్బన్లు కట్టుకున్న పెళ్లికూతుళ్లు, అరుపులు. గది రేటు కూడా అమాంతం పెరుగుతుంది. ఆదివారం మధ్యాహ్నం దిగి మంగళవారం వెనక్కి వెళ్లండి, సోమ మంగళవారాలకు నువ్వు సెలవు పెట్టగలిగితే. ప్రీమియర్ ఇన్, ట్రావెలాడ్జ్ లాంటి చవక హోటళ్లు ఊళ్లో ఉన్నాయి, ఆదివారం సోమవారం రాత్రులు నెల ముందే తీసుకుంటే నీ బడ్జెట్‌లోనే పడతాయి. క్యాన్సిల్ చేస్తే డబ్బు తిరిగి రాని రేటు తీసుకునే ముందు ఆలోచించుకో, తన పరీక్షల తేదీలు మారుతుంటాయి. ఈస్టర్ వారాంతం ఎప్పుడొస్తోందో కూడా చూసుకో, అప్పుడు మళ్లీ ధరలు మండుతాయి.

బ్రిస్టల్ బాబాయ్:
ఇంత కష్టం ఎందుకండీ, మాంచెస్టర్‌లో గే బార్లుండే కెనాల్ స్ట్రీట్ ఉంది, బ్రైటన్ ఉంది. మనలాంటివాళ్ల కోసమే ఉన్న ఊళ్లు వదిలేసి చర్చీలు చూడ్డానికి వెళ్తారా?

నిద్రగన్నేరు:
బాబాయ్, అందరికీ డ్యాన్స్ ఫ్లోరే కావాలని ఏముంది. అయితే ఆయన చెప్పినదాంట్లో సగం నిజం. యార్క్‌లో గే పేట అంటూ ప్రత్యేకంగా లేదు. అలాంటి రాత్రి కావాలంటే లీడ్స్‌లో లోయర్ బ్రిగేట్‌కు పోవాలి, రైల్లో అరగంట దూరం. జూన్ మొదట్లో యార్క్ ప్రైడ్ (మనలాంటివాళ్ల వేడుక) ఉంటుంది, ఊరేగింపు నేవ్స్‌మైర్ మైదానం దాకా వెళ్తుంది. మిగతా ఏడాదంతా అది టీ తాగి ఏడింటికి ఇల్లు చేరే ఊరు. నన్నడిగితే మీ ఇద్దరికీ అదే కావాలి.

నేను ఆ ఊళ్లో చదువుకున్నాను, నా బాయ్‌ఫ్రెండ్‌తో చెయ్యి పట్టుకుని తిరిగాను కూడా. పగలు ఏ సమస్యా లేదు. శనివారం రాత్రి పబ్బులు మూసే వేళకు మిక్‌ల్‌గేట్ వైపు తాగినవాళ్లు ఎవర్ని చూసినా ఏదో ఒకటి అంటారు, ఆ దారి తప్పించుకుంటే సరి. నిజంగా ఎవరైనా వెంటపడితే పోలీసుల నంబరు 999, ఆ తర్వాత చెప్పుకోవడానికైతే 101. ద్వేషంతో చేసినదని చెప్తే పోలీసులు అలాగే నమోదు చేస్తారు.

ఇక అసలు సంగతి. మీరిద్దరూ ఆ ఊరికే ఎందుకు వెళ్లాలో చెప్తాను.

ఆన్ లిస్టర్ పేరు వినే ఉంటారు. 1791లో పుట్టిన యార్క్‌షైర్ భూస్వామి. దాదాపు యాభై లక్షల పదాల డైరీ రాసింది, అందులో ఆరో వంతు దాకా రహస్య లిపిలో. ఆ లిపిలో ఉన్నదంతా ఎక్కువగా తను ప్రేమించిన ఆడవాళ్ల గురించే. 1834 ఈస్టర్ నాడు గుడ్‌రామ్‌గేట్‌లోని హోలీ ట్రినిటీ చర్చిలో ఆన్ వాకర్‌తో కలిసి ప్రసాదం తీసుకుంది. ఏ చట్టమూ ఒప్పుకోలేదు గానీ వాళ్ల లెక్కలో అది పెళ్లి. 2018లో ఆ చర్చి దగ్గర ఇంద్రధనుస్సు అంచుతో ఫలకం పెట్టారు, బ్రిటన్‌లో అలాంటి ఫలకం అదే మొదటిది.

ఇంతవరకూ చాలామందికి తెలుసు. తెలియనిది ఇది: ఆన్ తొలి ప్రేమ మద్రాసు అమ్మాయి. ఎలైజా రెయిన్. తండ్రి ఈస్టిండియా కంపెనీ సర్జన్, తల్లి భారతీయురాలు. చిన్నప్పుడే ఇంగ్లండ్‌కు పంపేశారు. యార్క్‌లో కింగ్స్ మ్యానర్ భవనంలో అప్పట్లో ఆడపిల్లల బోర్డింగ్ స్కూలుండేది. అక్కడే ఇద్దరికీ ఒకే అటక గది ఇచ్చారు. ఆ రహస్య లిపి మొదలైంది ఆ ఇద్దరి మధ్యే. పెద్దయ్యాక కలిసి బతకాలనుకున్నారు, ఆన్ మనసు మారింది. ఎలైజాను వయసులో ఉండగానే మతిస్థిమితం లేదని యార్క్‌లోనే ఆసుపత్రిలో పెట్టారు. అలాగే బతికి 1860లో పోయింది. ఆన్ గురించి పుస్తకాలు బోలెడు, ఎలైజాకు ఇప్పుడిప్పుడే పేరొస్తోంది.

కాబట్టి ఒక పూట ఇలా నడవండి, పైసా ఖర్చు లేదు. ఎగ్జిబిషన్ స్క్వేర్‌లో కింగ్స్ మ్యానర్ ఉంది, ఇప్పుడు యూనివర్సిటీది, ముందు ఆవరణలోకి వెళ్లి చూడొచ్చు. ఎదురుగానే బూతమ్ బార్. యార్క్‌లో "బార్" అంటే కోట ద్వారం, మందు కాదు. అక్కడ పాత కోటగోడ మీదికెక్కి మాంక్ బార్ దాకా నడవండి. గోడ మొత్తం మూడు కిలోమీటర్ల పైచిలుకు, కానీ మిన్‌స్టర్ చర్చి బాగా కనిపించేది ఈ ముక్కలోనే. మార్చి చివర అయితే గోడ వాలంతా పసుప్పచ్చ డాఫోడిల్ పూలు. మాంక్ బార్ దగ్గర దిగితే గుడ్‌రామ్‌గేట్, అదే వీధిలో చిన్న గేటు వెనక హోలీ ట్రినిటీ. షాపుల మధ్య ఇరుక్కుని ఉంటుంది, చూసుకోకపోతే దాటిపోతారు. లోపల పెట్టెల్లాంటి పాత చెక్క బెంచీలు, వంకర నేల. రోజంతా తెరిచి ఉండదు, వేళలు ముందే చూసుకోండి.

గోడ చీకటి పడేలోపు మూసేస్తారు. లోపలి వైపు చాలా చోట్ల రెయిలింగ్ ఉండదు, సెల్ఫీల దగ్గర జాగ్రత్త.

ఆవకాయ జాడీ:
మద్రాసు సంగతి నాకూ తెలీదు తమ్ముడూ! ఇన్నేళ్లుగా లీడ్స్‌లో ఉండి, ఆ చర్చి పక్కనే కాఫీ తాగి వచ్చేశాను.

నిద్రగన్నేరు:
మగపిల్లలకు కూడా ఒకటి ఉందక్కా. ఇంగ్లిష్ కవి ఆడెన్, ఆయనా గేనే, 1907లో పుట్టింది బూతమ్ వీధిలోనే, ఇంటి మీద ఫలకం ఉంది. మా వాడికి చూపిస్తే "ఎవరీయన?" అన్నాడు. సరేలే.

గుంటూరు ఘాటు:
మనవాళ్ల గురించి అడిగింది కదా, ఎవరూ చెప్పలేదు. యార్క్‌లో యూనివర్సిటీ ఉంది, తెలుగు పిల్లలూ ఉంటారు. కానీ శని ఆదివారాలు లీడ్స్, మిడిల్స్‌బ్రో నుంచి గుంపులుగా వచ్చేవాళ్లే ఎక్కువ. వాళ్లంతా షాంబుల్స్ వీధిలో, మిన్‌స్టర్ ముందు ఫొటోలు దిగుతారు. సోమవారం ఆ గొడవ తక్కువ. కనిపించినా ఇద్దరమ్మాయిలు కలిసి టూరుకొచ్చారంటే మనవాళ్లకు అనుమానం రాదు, ఆ ఒక్క విషయంలో మీకు మాకంటే సుఖం. మేమిద్దరం మగవాళ్లం ఒకే గొడుగులో నడిస్తేనే వెనక్కి తిరిగి చూస్తారు.

పట్టిచ్చేది జనం కాదు, ఫోను. ఫ్యామిలీతో పంచుకున్న ఫొటో ఆల్బమ్ ఆటోమేటిగ్గా ఎక్కించకుండా ఆపండి. లొకేషన్ షేరింగ్ ఎవరెవరికి ఆన్ ఉందో చూడండి. పిన్ని కూతురితో కలిసి వాడే ఈమెయిల్‌తో హోటల్ బుక్ చేయొద్దు, రివ్యూ రాయమని మెయిల్ వస్తుంది. స్టేటస్ పెట్టాలని చేతులు దురద పెడితే వారం తర్వాత పెట్టండి, ఇద్దర్లో ఒక్కరే.

కాకరపువ్వొత్తి:
అయ్యో, ఆ ఆల్బమ్ సంగతి నాకు తట్టనే లేదు. ఇప్పుడే ఆపేశాను. ఎలైజా గురించి తనకు చదివి వినిపించాను, చాలాసేపు ఏమీ మాట్లాడలేదు, తర్వాత "మనం ఫస్ట్ అక్కడికే వెళ్దాం" అంది. ఆమె సమాధి ఉందా?

నిద్రగన్నేరు:
ఉంది. యార్క్ తూర్పు అంచున ఆస్‌బాల్డ్‌విక్ అనే పల్లె, అక్కడి చర్చి ఆవరణలో. ఊరి మధ్య నుంచి మూడు కిలోమీటర్ల పైన, సిటీ బస్సులో వెళ్లొచ్చు, వాన లేకపోతే నడవొచ్చు కూడా. బస్సు ఎక్కితే ఒక్కొక్కరికి 3 పౌండ్లకు మించదు, 2025 జనవరి నుంచి ఇంగ్లండ్‌లో చాలా బస్సుల్లో సింగిల్ టికెట్ గరిష్ఠ ధర అదే.

పులిహోర పాపాయి:
తిండి నేను చెప్తా. ఊరంతా ఊదరగొట్టే యార్క్‌షైర్ పుడింగ్ రోల్ మాంసంతో చేస్తారు, శాకాహార రకం కూడా కొన్నిచోట్ల ఉంటుంది, గ్రేవీ దేనితో చేశారో అడగండి. షాంబుల్స్ మార్కెట్‌లో తిండి దుకాణాలున్నాయి, తక్కువలో కడుపు నిండుతుంది. బెటీస్ టీ రూమ్ ముందు క్యూ చూసి ఆవేశపడొద్దు, అందులో ఇద్దరి బిల్లుతో ఇంకో పూట గడుస్తుంది. మొదటి రోజుకు పులిహోర కట్టుకెళ్లండి, మ్యూజియం గార్డెన్స్‌లో సెయింట్ మేరీస్ మఠం శిథిలాల దగ్గర కూర్చుని తినొచ్చు, టికెట్ లేదు. ఉడతలొస్తాయి.

వాన పడితే స్టేషన్ పక్కనే నేషనల్ రైల్వే మ్యూజియం, అదీ ఉచితమే. 1938లో ఆవిరి ఇంజన్లలో వేగం రికార్డు కొట్టిన మల్లార్డ్ అక్కడుంది. మిన్‌స్టర్ లోపలికి టికెట్ ఎక్కువ. సాయంత్రం ప్రార్థనకు వెళ్తే డబ్బు కట్టక్కర్లేదు, పాటలు వింటూ కూర్చోవచ్చు, అటూ ఇటూ తిరిగి చూడ్డం మాత్రం కుదరదు.

కాకరపువ్వొత్తి:
చివరి సందేహం. "టు టుగెదర్" రైల్‌కార్డ్ తీసుకుంటే లాభమా? ఇద్దరి ఫొటోలు అడుగుతోంది.

ఆవకాయ జాడీ:
మీకు వద్దు. ఆ కార్డు ఇద్దరూ కలిసి ఒకే రైలెక్కితేనే పనిచేస్తుంది, మీరు చెరో వైపు నుంచి వస్తున్నారు. తనకు 16-25 కార్డు, ఫుల్‌టైమ్ స్టూడెంట్ అయితే వయసు దాటినా ఇస్తారు. నీకు ముప్పై దాటకపోతే 26-30 కార్డు. రెండూ టికెట్ ధర మూడో వంతు తగ్గిస్తాయి. కార్డుకు 35 పౌండ్లు, అది ఈ బడ్జెట్‌లో కలపకు, ఏడాదంతా వాడతారు కదా. బర్మింగ్‌హామ్ న్యూ స్ట్రీట్ నుంచి నేరుగా రైలుంది, రెండు గంటల పైచిలుకు. మిడిల్స్‌బ్రో నుంచి గంట. నీ టికెట్టే ఖరీదు, కాబట్టి ముందు నీ "అడ్వాన్స్" టికెట్ కొను, తర్వాతే హోటల్. అడ్వాన్స్ అంటే ఆ రైలే ఎక్కాలి, తప్పిపోతే డబ్బు పోయినట్టే.

ఊస్ నది మార్చిలో కూడా ఒక్కోసారి ఒడ్డు దాటుతుంది. నది పక్క దారులు మునిగితే పై వీధుల్లో తిరగండి, ఊరు మూతపడదు. గది తీసుకునేటప్పుడు నది ఒడ్డునే ఉన్నది కాకుండా స్టేషన్ వైపు చూసుకో, తను ముందు దిగితే సామాను పట్టుకుని తిరగక్కర్లేదు.