ఐదో నెల అని చెప్పగానే రిజైన్ చేయమంటున్నారు, ఏం చేయాలి?

మాదాపూర్‌లో ఒక ప్రైవేటు కంపెనీలో అకౌంట్స్‌లో చేస్తున్నాను. మూడేళ్లయింది, జీతం 32 వేలు. మొదటి కాన్పు. పోయిన వారం మేనేజర్‌కి విషయం చెప్పాను, మర్నాడే హెచ్‌ఆర్ వాళ్లు చిన్న రూములో కూర్చోబెట్టి "నీ ఆరోగ్యం కోసమేనమ్మా, ఇప్పుడు మానేసి డెలివరీ అయ్యాక మళ్లీ రా" అన్నారు. రాజీనామా లెటర్ ముందే టైప్ చేసి టేబుల్ మీద పెట్టారు, అందులో నా ఇంటిపేరు కూడా తప్పే. రేపు చెప్తానని వచ్చేశాను. మావారు సంతకం పెట్టొద్దంటున్నారు, అత్తయ్యగారేమో వట్టి మనిషివి కాదు, ఇప్పుడు గొడవలెందుకు అంటున్నారు. పెట్టకపోతే వాళ్లే తీసేస్తారా? రాత్రిళ్లు నిద్ర పట్టట్లేదు.

సుజాత_కూకట్‌పల్లి: పెట్టకండి! పెడితే రేపు "ఆవిడే మానేసింది" అంటారు, నాకు జరిగింది అదే. ఈ రాత్రికే హెచ్‌ఆర్‌కి మెయిల్ కొట్టండి: గర్భవతిని, డాక్టరు ఇచ్చిన డెలివరీ తేదీ ఇది, ఫలానా రోజున రూములో రాజీనామా అడిగారు, నాకు ఆ ఉద్దేశం లేదు, సెలవు ఫలానా తేదీ నుంచి కావాలి. కాపీ మీ సొంత మెయిల్‌కి కూడా పెట్టుకోండి, ఆఫీసు మెయిల్ వాళ్ల చేతిలో ఉంటుంది కదా.

పాత_గుమస్తా: 1961 ప్రసూతి చట్టం ఇప్పుడు సామాజిక భద్రత కోడ్‌లో కలిసింది, 2025 నవంబర్ 21 నుంచి అమలు. అసలు హక్కులు మారలేదు. డెలివరీ తేదీకి ముందు 12 నెలల్లో 80 రోజులు పనిచేసి ఉంటే 26 వారాల జీతంతో సెలవు, అందులో 8 వారాల వరకు కాన్పుకు ముందే వాడుకోవచ్చు. మీరు సెలవులో ఉండగా తీసేయడం చట్టవిరుద్ధం. ఇప్పుడే, కడుపుతో ఉండగానే తీసేసినా ఆ డబ్బు ఎగ్గొట్టడానికి వీల్లేదు. ఒక్క మినహాయింపు, తీవ్రమైన దుష్ప్రవర్తన. అందుకే ఇలాంటప్పుడు ఉన్నట్టుండి మెమోలు మొదలవుతాయి, ప్రతిదానికీ రాతపూర్వకంగా జవాబివ్వండి. జీతం 21 వేల లోపైతే ఈఎస్‌ఐ చూసుకునేది, మీకు కంపెనీయే ఇవ్వాలి.

నిజం_చెప్తా: చట్టాలు చదవడానికి బానే ఉంటాయండీ. మూడు నెలల జీతం అడిగి బయటపడండి, ప్రశాంతంగా ఉంటుంది.

పాత_గుమస్తా: 26 వారాలంటే ఆరు నెలలు సార్, రావాల్సిన దాంట్లో సగం వదిలేసి ఉద్యోగం కూడా పోగొట్టుకోమంటారా? ముందు మెయిల్ పెట్టనివ్వండి, వినకపోతే కార్మిక శాఖ ఆఫీసులో ఫిర్యాదు ఇద్దాం.

లక్ష్మి_నల్గొండ: మా చెల్లిది కాంట్రాక్టు ఉద్యోగం, జూన్‌తో అయిపోతుంది. తనకీ వర్తిస్తుందా?

పాత_గుమస్తా: అర్హత ఉంటే కాంట్రాక్టు గడువు ముగిసినా ప్రసూతి ప్రయోజనం పూర్తిగా ఇవ్వాల్సిందేనని 2023లో సుప్రీంకోర్టు చెప్పిందమ్మా, కవితా యాదవ్ కేసులో. 80 రోజుల లెక్క మాత్రం చూసుకోమనండి.

అడిగినావిడ: మెయిల్ పెట్టి నాలుగు రోజులైంది. హెచ్‌ఆర్ నుంచి ఒక్క ముక్క, "నోటెడ్". లెటర్ మాట మళ్లీ ఎత్తలేదు. మేనేజర్ గుడ్ మార్నింగ్ చెప్పడం మానేశాడు, అంతే.