చర్చ: పదాతి సైనికుణ్ణి బారకుల్లో ఏమని పిలుస్తారు?

వంశధార_తీరం (పర్లాకిమిడి):
మా గజపతి జిల్లా తెలుగు ఇళ్ళలో సైన్యంలో పనిచేసి వచ్చినవారిని "మిలట్రీ ఆయన" అంటారే తప్ప, ఆయనది ఫిరంగిదళమా, పదాతిదళమా అని ఎవరూ విడదీసి చెప్పరు. బారకుల్లో మాత్రం పదాతి సైనికుడికి వేరే పేర్లుంటాయి. వియత్నాం యుద్ధకాలపు అమెరికన్లకు అతడు "గ్రంట్", బ్రిటిషువారికి "టామీ", మొదటి ప్రపంచయుద్ధం నాటి ఫ్రెంచివారికి "పువాల్యూ", అంటే ఒళ్ళంతా వెంట్రుకలున్నవాడు. మన సైన్యంలో వాడే ఇటువంటి మాటలను, వాటిని విన్న సందర్భంతో సహా తెలియజేయవలసిందిగా కోరుతున్నాను.

మాజీ_హవల్దార్ (రాయగడ):
నేను మద్రాస్ రెజిమెంటులో పనిచేశాను. తెలుగువాడైనా, మలయాళీ అయినా, కన్నడిగుడైనా ఇతర పటాలాలవారికి మేమందరం "తంబీ"లమే. చేరిన కొత్తలో ఆ పిలుపు నాకు పరాయిగా తోచింది. "వీర మద్రాసి, అడి కొల్లు" అనే మా రెజిమెంటు యుద్ధనినాదాన్ని అందరితో గొంతు కలిపి అరిచిన తరువాత అది నా సొంత పేరే అయింది. మరాఠా లైట్ ఇన్‌ఫాంట్రీ వారు "గణపత్"లు. కాగితాల మీద హోదా సిపాయి అయినా, రైఫిల్స్ రెజిమెంట్లలో అదే హోదా రైఫిల్‌మన్, గ్రెనేడియర్సులో గ్రెనేడియర్. వెల్లింగ్టన్ శిక్షణ కేంద్రంలో ఉన్నంతకాలం మాత్రం ఎవరైనా "రంగ్రూటే". శిక్షణ ఇచ్చేవాడు "ఉస్తాద్", తప్పు చేస్తే ఆయన పెట్టే పరుగులు, పాకుళ్ళు "రగడా".

ప్రాణహిత_ఒడ్డు (సిరొంచ):
హవల్దార్ గారూ, మీ "తంబీ" కంటే ముందే మన జాతి పేరు సిపాయికి పేరైంది. పద్దెనిమిదో శతాబ్దంలో యూరోపియన్ పద్ధతిలో కవాతు నేర్చి, వారి తరహా దుస్తులు వేసుకున్న దేశీయ పదాతి సైనికుణ్ణి ఉత్తరాదిన "తిలంగా" అన్నారు. అటువంటి సైనికులు బెంగాలుకు మొదట దక్షిణాది నుంచి, తెలుగుదేశంగా వారు భావించిన మద్రాసు వైపు నుంచి వెళ్ళడమే దానికి కారణం. మనుషులు మారినా పేరు మారలేదు: 1857లో ఢిల్లీ ఉర్దూ రాతల్లో తిరుగుబాటు సిపాయిలు తిలంగాలే, కాని వారిలో అత్యధికులు అవధ్, బీహార్ ప్రాంతాలవారు. తెలుగు నేల చూడనివాడిని తెలుగువాడి పేరుతో పిలిచారన్న సంగతి తెలిసిన నాటి నుంచి నాకు ఆ మాట మీద ప్రత్యేకమైన మమకారం.

మా మహారాష్ట్ర వైపు ఇటువంటిదే "గారదీ". 1761లో పానిపట్టులో ఇబ్రహీం ఖాన్ గారదీ నడిపినది ఈ తుపాకుల పదాతిదళాన్నే. అయితే 1773లో శనివార్ వాడాలో పేష్వా నారాయణరావును చంపినవారు గారదీలు కావడంతో మరాఠీలో ఆ మాటకు ద్రోహపు వాసన అంటుకుంది.

గంజాం_పాఠకుడు (బరంపురం):
ఒడియాలో "పాయికొ" ఉంది. పాయికులు శాంతికాలంలో వ్యవసాయం చేసుకుంటూ, రాజు పిలిచినప్పుడు ఆయుధం పట్టేవారు. కొలువుకు ప్రతిఫలం పన్నులేని భూమి. కంపెనీ ప్రభుత్వం ఆ భూములు లాక్కోవడం 1817లో బక్షి జగబంధు నాయకత్వంలో జరిగిన తిరుగుబాటుకు ఒక ముఖ్యకారణం. తెలుగులో దీనికి దగ్గరి మాట "బంటు" అని నా అభిప్రాయం. గంజాం 1936 వరకు మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండేది కనుక, ఇక్కడి పాత సైనిక కుటుంబాలవారు తమ పెద్దల నోట విన్న మాటలు కూడా రాస్తే బాగుంటుంది.

మాజీ_హవల్దార్ (రాయగడ):
సిరొంచవారి సమాచారానికి కృతజ్ఞతలు. "తిలంగా" సంగతి మా పటాలంలో ఎవరూ చెప్పగా వినలేదు. వంశధార గారూ, జాబితా రాసేటప్పుడు ఒకటి గమనించండి. "తంబీ" పదాతిదళానికే పరిమితం కాదు. బెంగళూరు కేంద్రంగా ఉన్న మద్రాస్ సాపర్లను కూడా అలాగే పిలుస్తారు, వారు ఇంజనీర్ల దళం. కనుక దాన్ని దక్షిణాది సైనికుల పిలుపుగా నమోదు చేయండి.