అమ్మానాన్నలతో కారులో హంపి: బ్యాగులో ఏం పెట్టాలి, ఏం ఇంట్లో వదిలెయ్యాలి?

మియాపూర్_మూల:

అందరికీ నమస్తే. సంక్రాంతి సెలవుల్లో అమ్మానాన్నలని కారులో హంపి తీసుకెళ్తున్నా, మూడు రాత్రులు అక్కడే ఉంటాం. మహబూబ్‌నగర్, రాయచూరు, సింధనూరు, గంగావతి మీదుగా వెళ్దామనుకుంటున్నాం, మా ఇంటి నుంచి దాదాపు 380 కిలోమీటర్లు. నాన్నకి 67, జిల్లా పరిషత్ హైస్కూల్లో సైన్సు టీచరుగా చేసి రిటైరయ్యారు. అమ్మకి 62, మోకాళ్ళ నొప్పులున్నాయి, ఎక్కువ మెట్లెక్కలేదు.

గ్యాడ్జెట్లంటే నాకు ప్రాణం. ఫోను కాకుండా ఒక మిర్రర్‌లెస్ కెమెరా (లెన్సులు మార్చుకోగలిగే రకం), రెండు లెన్సులు, గింబల్ (చెయ్యి ఊగినా కెమెరా కుదుపుల్లేకుండా పట్టి ఉంచే పిడి), ట్రైపాడ్, యాక్షన్ కెమెరా, 249 గ్రాముల చిన్న డ్రోన్, 20000 ఎంఏహెచ్ పవర్ బ్యాంకు ఉన్నాయి. నవంబరులో రామప్ప వెళ్ళినప్పుడు డ్రోన్ తప్ప అన్నీ మోసుకెళ్ళా. 1213లో కట్టిన గుడి, 2021లో యునెస్కో గుర్తింపు వచ్చింది, ఆ నల్లరాతి మదనికల్ని (నాట్య భంగిమల్లో ఉన్న స్త్రీ శిల్పాలు) దగ్గర నుంచి తియ్యాలని ఎన్నాళ్ళ నుంచో కోరిక. తీశాను కూడా. కానీ నేను గింబల్ సరిచేసుకుంటూ, లెన్సు మార్చుకుంటూ ఉంటే అమ్మ గట్టు మీద కూర్చుని నాకోసం చూస్తూ ఉంది. ఇంటికొచ్చి చూస్తే 900 పైన ఫోటోలు, వాటిలో అమ్మానాన్న ఇద్దరూ కలిసి ఉన్నవి నాలుగే, ఆ నాలుగూ మిట్టమధ్యాహ్నం ఎండలో తీసినవి, కళ్ళ కింద నల్లటి నీడలు. అది నాకు చాలా బాధగా ఉంది. దీనికి తోడు ములుగు దాటాక సిగ్నల్ పోయి మ్యాపు ఆగిపోయింది, తిరుగు ప్రయాణంలో డ్యాష్‌బోర్డు మీద పెట్టిన ఫోను వేడెక్కి ఆఫ్ అయిపోయింది.

ఈసారి అలా జరగకూడదు. వీళ్ళిద్దర్నీ పొద్దున్నే 5కి లేపలేను, కాబట్టి ఎండలోనే తియ్యాల్సి వస్తుంది. ఏం తీసుకెళ్ళాలి, ఏం వదిలెయ్యాలి, పెద్దవాళ్ళని బాగా ఎలా తియ్యాలి? హంపి చూసినవాళ్ళు చెప్పండి ప్లీజ్.

ఇరానీచాయ్_కెమెరా:

బ్రో, గింబల్, ట్రైపాడ్ రెండూ ఇంట్లో పెట్టెయ్. పురావస్తు శాఖ రక్షణలో ఉన్న కట్టడాల దగ్గర ట్రైపాడ్ వాడాలంటే ముందే అనుమతి ఉండాలి, హంపిలో మీరు చూసే పెద్ద గుళ్ళన్నీ దాదాపు అలాంటివే. మిర్రర్‌లెస్ తీసుకెళ్ళు, కానీ ఒక్కటే లెన్సు పెట్టుకో. లెన్సు మార్చే ప్రతిసారీ వాళ్ళు ఎండలో నిలబడాలని గుర్తుపెట్టుకో, నీకే మార్చాలనిపించదు.

ఎండ సంగతి. హంపిలో ఎటు చూసినా మంటపాలే, అదే నీ స్టూడియో. అమ్మానాన్నల్ని మంటపం లోపలికి కాదు, అంచుకి ఓ రెండడుగులు లోపల, నీడలో, మొహాలు బయటికి ఉండేలా నిలబెట్టు. నువ్వు బయట నిలబడు. ముందున్న రాతి నేల మీద పడిన ఎండ పైకి లేచి మొహాల మీదికి మెత్తగా వస్తుంది, కళ్ళ కింద నీడలుండవు, వాళ్ళు కళ్ళు చిట్లించరు కూడా. నేను మా అమ్మమ్మని ఇలాగే తీశాను, మధ్యాహ్నం 12:30కి, ఎవరికి చూపించినా సాయంత్రం తీశావా అనే అడుగుతారు. ఫోను అయితే మొహం మీద వేలితో తాకి, పక్కన వచ్చే సూర్యుడి గుర్తుని కొంచెం కిందికి లాగు, లేకపోతే వెనకాల ఆకాశం తెల్లగా పోతుంది.

ఇంకోటి, గోపురం మొత్తం రావాలని అల్ట్రావైడ్ (ఎక్కువ వెడల్పు చూపించే లెన్సు) పెట్టకు. అంచుల్లో ఉన్న మనుషులు సాగిపోతారు, గోపురం వెనక్కి వాలినట్టు వస్తుంది. వెనక్కి నడిచి 2ఎక్స్ జూమ్ పెట్టుకుంటే మనిషీ గోపురమూ సరైన కొలతలో ఉంటాయి. దీన్ని ఇక్కడే ప్రాక్టీసు చెయ్యి. ఈ ఆదివారం పొద్దున 6:30కి చార్మినార్ దగ్గరికి వెళ్ళు, లాడ్ బజార్ ఇంకా తెరవదు, రోడ్డు ఖాళీగా ఉంటుంది. 1591 నాటి ఆ నాలుగు మినార్లూ నిటారుగా వచ్చేదాకా ఒకసారి దగ్గర నుంచి అల్ట్రావైడ్‌తో, ఒకసారి దూరం నుంచి 2ఎక్స్‌తో తీసి పక్కపక్కన పెట్టి చూడు. ఎంత చెప్పినా రాని తేడా ఆ రెండు ఫోటోల్లో తెలుస్తుంది. తర్వాత చాయ్, ఉస్మానియా బిస్కెట్, ఇంటికి.

మీ నాన్నగారు సైన్సు టీచరన్నావు కదా, మిగతావి ఏం చూసినా చూడకపోయినా విరూపాక్ష గుడిలో గర్భగుడి వెనకవైపు ఉన్న చీకటి గది మాత్రం వదలకండి. గోడలో చిన్న రంధ్రం ఉంటుంది, దాంట్లోంచి వచ్చిన వెలుతురు ఎదుటి గోడ మీద రాజగోపురాన్ని తలకిందులుగా చూపిస్తుంది. అచ్చం పిన్‌హోల్ కెమెరా. గోపురం దాదాపు 50 మీటర్లు, తొమ్మిది అంతస్తులు. దాని కొస నుంచి వచ్చే వెలుగు రంధ్రంలోంచి తిన్నగా దిగి గోడ కింది భాగంలో పడుతుంది, పాదం నుంచి వచ్చేది పైకి పడుతుంది, అంతే విషయం. ఫోటో తియ్యాలంటే ఫ్లాష్ ఆపెయ్, వేస్తే బొమ్మే కనపడదు. ఫోనుని పక్క గోడకి ఆనించి, నైట్ మోడ్‌లో మూడు సెకన్లు ఊపిరి బిగబట్టు.

వోల్టేజ్_బాబాయ్:

తమ్ముడూ, ఫోను వేడెక్కడం గురించి నేను చెప్తా, నా పని బ్యాటరీలతోనే. నావిగేషన్ నడుస్తూ, స్క్రీన్ ఫుల్ వెలుతురులో ఉండి, పైన అద్దం గుండా ఎండ పడుతూ, దానికి తోడు వైర్‌లెస్ ఛార్జింగ్ కూడా పెడితే ఏ ఫోనైనా చేతులెత్తేస్తుంది. వైర్‌లెస్ ఛార్జింగులో కొంత కరెంటు వేడిగానే పోతుంది. డ్యాష్‌బోర్డు స్టాండు తీసేసి ఏసీ వెంట్‌కి బిగించే క్లిప్పు కొను, వెనక నుంచి చల్లగాలి తగులుతుంది, వైరుతో ఛార్జ్ చెయ్యి. పార్కింగులో కారు ఆపినప్పుడు పవర్ బ్యాంకు లోపల వదలకు. నాదొకటి ఎండాకాలం రెండు గంటలు కారులో ఉండి అప్పడంలా ఉబ్బింది. ఉబ్బినదాన్ని మళ్ళీ వాడొద్దు, చెత్తబుట్టలో కూడా పడెయ్యొద్దు, ఈ-వేస్ట్ తీసుకునేవాళ్ళకి ఇవ్వు.

నీ 20000 ఎంఏహెచ్ పవర్ బ్యాంకు చాలు, ఇంకోటి కొనకు. లెక్క చెప్తా చూడు. ఆ 20000 అనేది లోపలి సెల్స్ 3.7 వోల్టుల దగ్గర చెప్పే లెక్క, అంటే 74 వాట్ అవర్లు. వోల్టేజీ మార్చేటప్పుడు, వైర్లలో కొంత పోతుంది, చేతికి 60 దాకా వస్తుంది. ఇప్పటి ఫోన్ల 5000 ఎంఏహెచ్ బ్యాటరీ సుమారు 19 వాట్ అవర్లు. కాబట్టి మూడుసార్లు నిండుతుంది, నాలుగుసార్లు అనుకుని బయల్దేరితే సాయంత్రానికి ఇబ్బంది. రేపెప్పుడైనా విమానంలో వెళ్ళినా ఇదే అంకె పనికొస్తుంది, 100 వాట్ అవర్ల లోపువాటికి విడిగా అనుమతి అక్కర్లేదు, కానీ చేతి సామానులోనే ఉండాలి, చెక్-ఇన్ బ్యాగులో పెట్టకూడదు.

మ్యాపు ఇంట్లో వైఫై ఉన్నప్పుడే ఆ ప్రాంతం మొత్తం డౌన్‌లోడ్ చేసి పెట్టుకో. జీపీఎస్‌కి సిమ్ సిగ్నల్‌తో పని లేదు, అది ఉపగ్రహాల నుంచి నేరుగా అందుకుంటుంది. ములుగు దగ్గర నీ ఫోనుకి నువ్వెక్కడున్నావో తెలుసు, చుట్టూ ఏముందో చూపించే బొమ్మే లేదు.

వీడియో 4కె లో తీస్తే నిమిషానికి ఎంత పడుతుందో చూసుకో. ఐఫోన్‌లో అయితే సెకనుకి 30 ఫ్రేములకి నిమిషం 170 ఎంబీ, అదే 1080పి అయితే 60 ఎంబీ. ఊళ్ళో చుట్టాలకి చూపించడానికి 1080పి చాలు. ఇంకా ఒక్కటి కొనాలని చెయ్యి దురద పెడితే, కారు 12 వోల్టుల సాకెట్‌తో నడిచే టైర్ గాలిపంపు కొను. ఇంట్లోవాళ్ళతో వెళ్ళేటప్పుడు దానంత ధైర్యం ఇచ్చే గ్యాడ్జెట్ ఇంకోటి లేదు.

మియాపూర్_మూల:

ఇద్దరికీ చాలా థ్యాంక్స్, వెంట్ క్లిప్పు ఇప్పుడే ఆర్డర్ పెట్టా. డ్రోన్ సంగతి ఎవరూ చెప్పలేదు. 250 గ్రాముల లోపే కదా, తుంగభద్ర మీద ఆ బండరాళ్ళు పైనుంచి ఎలా ఉంటాయో అమ్మకి చూపించాలని ఉంది. తను ఎలాగూ కొండెక్కలేదు.

దిల్‌సుఖ్‌నగర్_అక్క:

తమ్ముడూ, అమ్మకి చూపించాలన్న నీ ఆలోచన మంచిదే, కానీ డ్రోన్ తీసుకెళ్ళొద్దు. 2021 డ్రోన్ రూల్స్ ప్రకారం 250 గ్రాముల దాకా నానో అనే అతి చిన్న డ్రోన్ల తరగతి కిందికి వస్తుంది, సరదాకి ఎగరేసుకునేవాళ్ళకి పైలట్ సర్టిఫికెట్ అక్కర్లేదు, అంతవరకూ నిజమే. కానీ రక్షిత కట్టడాల మీద ఎగరెయ్యడం వేరే సంగతి, పురావస్తు శాఖ అనుమతి లేకుండా కుదరదు. హంపిలో ఒక గుడి దాటితే ఇంకో మంటపం, ఎక్కడ మొదలై ఎక్కడ అయిపోతుందో మనకి తెలియదు. అమ్మ ముందు సెక్యూరిటీ వాళ్ళు ఆపి అడిగితే ఆవిడ రోజంతా టెన్షన్ పడుతుంది.

మా అత్తగారికి కూడా మోకాళ్ళే సమస్య. రెండేళ్ళ కింద తీసుకెళ్ళాం, ఆవిడ హాయిగా చూసింది. సూర్యోదయం కోసం అందరూ మాతంగ కొండ ఎక్కమంటారు, అది మీ ఇంట్లోవాళ్ళకి వద్దు, మెట్లు నిటారుగా ఉంటాయి. విరూపాక్ష గుడి పక్కనే హేమకూటం ఉంది, వాలుగా ఉండే బండ, ఆగుతూ ఆగుతూ ఎక్కొచ్చు, సాయంత్రం అక్కడి నుంచి గోపురం, చుట్టూ రాళ్ళు, కింద ఊరు అన్నీ కనిపిస్తాయి. నువ్వు డ్రోన్‌తో చూపిద్దామనుకున్నది చాలావరకు అక్కడే చూపించొచ్చు. విఠల గుడికి పార్కింగ్ నుంచి బ్యాటరీ బళ్ళు నడుస్తాయి, నడిపించకు. అక్కడి రాతి రథం మన 50 రూపాయల నోటు మీద ఉన్నదే, ఒక కొత్త నోటు జేబులో పెట్టుకెళ్ళు, మా అత్తగారు నోటు పట్టుకుని రథంతో పోల్చి చూసుకుని చిన్నపిల్లలా సంబరపడింది.

నా దృష్టిలో నువ్వు కొనాల్సినవి రెండే, ఒక మడత స్టూలు, ఒక మడత చేతికర్ర. స్టూలు కిలో కూడా ఉండదు, భుజానికి తగిలించుకోవచ్చు. ఎక్కడ కాళ్ళు లాగితే అక్కడ కూర్చోవచ్చని తెలిస్తే వాళ్ళు ఇంకో నాలుగడుగులు ధైర్యంగా వేస్తారు. గుళ్ళో చెప్పులు విప్పాలి కదా, మధ్యాహ్నం రాయి కాలిపోతుంది, మందపాటి సాక్సులు రెండు జతలు పెట్టుకో.

మియాపూర్_మూల:

నిన్న రాత్రి వచ్చాం. అందరికీ చెప్పాలి కాబట్టి పడుకునే ముందే రాస్తున్నా.

కెమెరా, ఒకటే లెన్సు, ఫోను, పవర్ బ్యాంకు, గాలిపంపు, స్టూలు, కర్ర. ఇంతే తీసుకెళ్ళా. సింధనూరు దాటాక వెనక టైరు మెల్లగా గాలి దిగుతోందని నాన్న గమనించారు, పంపు పెట్టి గాలి కొట్టుకుని గంగావతి దాకా వెళ్ళి పంక్చర్ వేయించాం. బాబాయ్, మీకు రుణపడి ఉంటా. ఫోను ఒక్కసారి కూడా వేడెక్కలేదు. రాయచూరు దాటినప్పటి నుంచి కన్నడ బోర్డులన్నీ నాన్నే చదివారు, మన లిపికి దగ్గరగా ఉండేసరికి రెండు మూడు అక్షరాలు కూడబలుక్కుంటే చాలు, ఊరి పేరు వచ్చేసేది. నేను ఫోన్లో ట్రాన్స్‌లేట్ తియ్యబోతే వద్దన్నారు.

ఇరానీచాయ్ అన్నా, మంటపం అంచు చిట్కా అద్భుతం. అమ్మ ఫోటో ఒకటి వచ్చింది, పచ్చటి చీర, వెనక వరసగా స్తంభాలు, మొహం మీద ఆ మెత్తటి వెలుతురు. అమ్మ దాన్ని చాలాసేపు చూసింది. పెద్ద సైజులో ప్రింట్ వేయించి హాల్లో పెట్టమంది, తను ఇంతవరకూ తన ఫోటో గోడకి పెట్టమని ఎప్పుడూ అడగలేదు. హేమకూటం మీద స్టూలు వేసుకుని సూర్యుడు దిగేదాకా కూర్చుంది. నేను కూడా కెమెరా సంచిలో పెట్టేసి పక్కన బండ మీద కూర్చున్నా.

ఇక విరూపాక్ష గుడి. నాన్నకి ముందుగా ఏమీ చెప్పలేదు. చీకటి గదిలోకి వెళ్ళి గోడ మీద తలకిందుల గోపురం చూడగానే వెనక్కి తిరిగి రంధ్రం వెతుక్కున్నారు, దొరికాక దానికి చెయ్యి అడ్డం పెట్టారు, గోడ మీద బొమ్మ పోయింది, తీశారు, వచ్చింది. ముప్పై ఏళ్ళు చెప్పుల డబ్బాకి సూదితో బొక్క పెట్టి, నూనె రాసిన కాగితం అంటించి పిల్లలకి కొవ్వొత్తి మంట తలకిందులుగా చూపించిన మనిషి. అప్పుడే ఎవరో ఇద్దరు స్కూలు పిల్లలు వాళ్ళ అమ్మతో లోపలికొచ్చారు, కర్నూలు నుంచట. ఇది మాయ అని వాళ్ళమ్మ చెప్తుంటే నాన్న ఆగలేకపోయారు. వెలుతురు వంకర తిరగదమ్మా అని మొదలుపెట్టి, రెండు చేతులూ గుణకారం గుర్తులా అడ్డంగా పెట్టి పది నిమిషాలు పాఠం చెప్పారు. నేను ఫోను గోడకి ఆనించి, మూడు సెకన్లు పట్టుకుని, గోపురాన్నీ దాని ముందు నాన్న చేతుల నీడనీ కలిపి తీశాను. నాన్న కొంచెం కదలడంతో చేతులు మసకగా వచ్చాయి. అయినా ఈ ప్రయాణంలో నాకు అన్నిటికంటే నచ్చిన ఫోటో అదే.

నాన్న దాన్ని వాట్సాప్ డీపీగా పెట్టుకున్నారు. పొద్దుట్నుంచి చుట్టాలు ఫోన్ చేసి, ఫోటో తలకిందులుగా పెట్టావు, తిప్పు అంటున్నారు. ఒక్కొక్కరికీ రంధ్రం దగ్గర్నుంచి మొదలుపెట్టి మొత్తం వివరిస్తున్నారు. ఇప్పుడు మా మేనత్తతో మాట్లాడుతున్నారు, అరగంట అయింది.