అప్‌డేట్: గ్రీన్ స్టార్ పాలిప్‌లు అదుపులోకి వచ్చాయి

రెండు నెలల క్రితం అడిగాను: నా ఉప్పునీటి అక్వేరియంలో గ్రీన్ స్టార్ పాలిప్‌లు (రాయిపై పొరలా పాకే మెత్తని పగడాలు) రాయి దాటి పాకి, నా మాంటిపోరా (గట్టి పగడం) మొదలును తాకుతున్నాయి, ఏం చేయాలని. రాయిని బయటికి తీసి పొరను ఒలిచేయమని చాలామంది చెప్పారు. అలాగే చేశాను.

లైట్లు ఆరాక పాలిప్‌లన్నీ ముడుచుకుని, ఊదారంగు పొర మాత్రమే మిగిలింది. ట్యాంకు నీళ్లు పోసిన వేరే బకెట్‌లో, మొద్దు కత్తితో ఒక అంచు లేపగానే తడి తోలులా ఊడివచ్చింది. అబ్బ, ఆ క్షణం ఎంత హాయిగా అనిపించిందో! పగుళ్లలో ఇరుక్కున్నదే ఏడిపించింది. బ్రష్‌తో ఎంత రుద్దినా తొమ్మిదో రోజుకు ఆవగింజంత పచ్చని చుక్కలు మళ్లీ లేచాయి. వాటిపై కాల్షియం హైడ్రాక్సైడ్ ముద్ద పెట్టాను. అది పీహెచ్‌ను పెంచుతుంది కాబట్టి పంపులు ఆపి, రోజుకు రెండు పచ్చని చుక్కలపైనే పెట్టాను. ఓపిక పట్టాల్సింది ఇక్కడే.

ఇప్పుడు మాంటిపోరా అంచు మళ్లీ తెల్లగా పెరుగుతోంది. మిగిల్చిన పాలిప్‌లను ఇసుక మధ్య ఒంటరి రాయిపై ఉంచాను.

మీ దగ్గర ఉన్నవి పాలిథోవాలైతే (ఇవీ రాళ్లపై పాకే పగడాల్లాంటి జీవులే) మాత్రం దయచేసి ఇలా గీకకండి, ఆ రాళ్లను మరిగించకండి. వాటిలో ఉండే పాలిటాక్సిన్ అనే విషం ప్రాణాంతకం.