కరిగించిన మైనంతో వేసిన చిత్రాలు చెన్నై ఎండకు నిలుస్తాయా?

ప్రశ్న (తిరువాన్మియూరు, చెన్నై):
చాలాకాలం తైలవర్ణాలతో పనిచేసిన నాకు, తేనెమైనంలో రంగుపొడి కలిపి వేడి పలకపై కరిగించి వేసే ఎన్‌కాస్టిక్ పద్ధతి పరిచయమైన తరువాత మరొకటి రుచించడం లేదు. కుంచె తగిలిన క్షణాల్లోనే గీత గట్టిపడుతుంది. హీట్ గన్ చూపగానే మళ్లీ కరిగి కింది పొరను పట్టుకుంటుంది. అడుగున వేసిన నీలం నాలుగు పొరల పైకి కూడా మసకగా తేలుతుంది. అయితే చూసినవారందరూ అడిగేది ఒక్కటే: మే నెలలో ఇవి కారిపోవా? కొనేవారికి ఏమని చెప్పాలి?

సమాధానం (మైలాపూరు, చెన్నై):
తేనెమైనం కరగాలంటే సుమారు 62 నుంచి 64 డిగ్రీల సెల్సియస్ వేడి కావాలి కనుక, నీడపట్టున ఉన్న గోడ మీద అది కారిపోదు. ఈజిప్టులోని ఫయూమ్‌లో క్రీ.శ. 1–3 శతాబ్దాలలో మమ్మీల ముఖాలపై అమర్చిన చిత్తరువులలో అనేకం ఈ పద్ధతిలో వేసినవే. వాటి కళ్లలోని తడి మెరుపు నేటికీ మాయలేదని కొనేవారికి చెప్పండి.

సమాధానం (జయనగర్, బెంగళూరు):
ఫయూమ్ ఉదాహరణ వినడానికి బాగుంటుంది గాని, ఆ చిత్తరువులు శతాబ్దాలపాటు పొడి ఇసుకలో పడి ఉన్నాయి. సముద్రపు గాలి తగిలే మీ ఇంటికి అది హామీ కాజాలదు. పైగా 40 డిగ్రీల దగ్గర తేనెమైనం కరగకపోయినా మెత్తబడుతుంది. వేసవిలో చిత్రాలను ముఖాముఖి పేర్చినా, బబుల్ ర్యాప్ నేరుగా చుట్టినా ఆ బుడగల గుర్తులు రంగు మీద పడతాయి. ఎండలో ఆపిన కారులో ఉంచితే ఇక చెప్పనక్కరలేదు. అందుకే 8 పాళ్ల మైనానికి 1 పాలు డామర్ గుగ్గిలం కలిపి గట్టిపరుస్తారు. మన పక్కనే, కుంభకోణం దగ్గరి స్వామిమలై స్థపతులు (విగ్రహ శిల్పులు) కూడా పంచలోహ విగ్రహానికి మైనపు నమూనా చేసేటప్పుడు తేనెమైనంలో గుగ్గిలం కలుపుతారు. వట్టి కాన్వాసు వంగితే మైనం పగులుతుంది కనుక ప్లైవుడ్ వాడండి. దానిపై మామూలు యాక్రిలిక్ జెస్సో (రంగుకు ముందు వేసే తెల్లని అడుగుపూత) పూయకండి, మైనం ఇంకేందుకు చోటుండదు.

ప్రశ్న అడిగినవారు:
ప్లైవుడ్‌నే వాడుతున్నాను, డామర్ కూడా కలిపి చూస్తాను. మరొక చిక్కు: సీలింగ్ ఫ్యాన్ వేస్తే పలక చేరేలోగా కుంచెలోనే మైనం బిగుస్తోంది, ఆపితే ఉక్కపోత.

సమాధానం (జయనగర్, బెంగళూరు):
ఫ్యాన్ ఆపి, వేడి పలక పక్కనున్న కిటికీలో ఎగ్జాస్ట్ ఫ్యాన్ బిగించండి. మైనం మితిమీరి కాగినప్పుడు వచ్చే పొగ కళ్లను, గొంతును మండిస్తుంది కనుక అది ఎలాగూ అవసరమే. పలక వేడి 90 డిగ్రీలు దాటకుండా థర్మామీటరుతో చూసుకోండి. నైలాన్ కుంచెలు ఆ వేడికి పాడవుతాయి, పందివెంట్రుకల కుంచెలే వాడండి.